నేల దిగిన విమానం ఎవరిది?

విశాఖ తీరంలో ఒకదానికి రాజలాంఛనం. రాయ్‌పూర్ రన్‌వే పక్కన మరొకదానికి ఏళ్ల తరబడి ఎండావానా. హైదరాబాద్ పేరు రాసుకున్న యుద్ధ విమానం ఉన్నది లండన్‌లో. మన దేశంలో పాత విమానాల తలరాత ఇప్పటికీ చట్టం చేతిలో లేదు.

2015 ఆగస్టు 7. ఢాకా నుంచి మస్కట్ వెళ్తున్న బంగ్లాదేశ్‌కు చెందిన యునైటెడ్ ఎయిర్‌వేస్ విమానం ఇంజిన్ ఒకటి గాల్లో ఉండగానే మొరాయించింది. పైలట్ విమానాన్ని రాయ్‌పూర్‌లో అత్యవసరంగా దించారు. లోపలున్న 173 మంది ప్రయాణికులూ క్షేమంగా బయటపడ్డారు, మరో విమానం వచ్చి వారిని తీసుకుపోయింది. ఎండీ-83 రకానికి చెందిన ఆ విమానం మాత్రం అక్కడే ఉండిపోయింది.

2016లో కంపెనీయే సర్వీసులు ఆపేసింది. విమానం నిలిపినందుకు రుసుము గంటకు 320 రూపాయలు. అంటే ఏడాదికి సుమారు 28 లక్షలు. స్వామి వివేకానంద విమానాశ్రయం అధికారులు లేఖల మీద లేఖలు రాశారు, బాకీ ఏటికేడాది పెరుగుతూ కోట్లకు చేరింది. 2018లో దాన్ని విమానాలు ఆగే చోటి నుంచి లాగి ఒక పక్కకు చేర్చారు. రోజూ దిగే, ఎగిరే విమానాలకు అది ఏళ్ల తరబడి మౌనసాక్షిగా నిలబడింది. ఎగరడానికి పనికిరాదు, తీసేయడానికి అధికారం చాలదు, చూడటానికి ఎవరినీ పోనివ్వరు.

రాయ్‌పూర్‌కు తూర్పున, జాతీయ రహదారి మీద ఉండే మందిర్ హసౌద్ నుంచి ఈ విమానాశ్రయం ఎంతో దూరం కాదు. అదే మందిర్ హసౌద్ మీదుగా మరో దారి కూడా పోతుంది. మహాసముంద్, టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురం, బొబ్బిలి దాటి విజయనగరం చేరే రైలుమార్గం అది. ఛత్తీస్‌గఢ్ మైదానాన్ని విశాఖ రేవుతో కలపడానికి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వేసిన ఈ లైను 1931లో పూర్తయింది. ఆ పట్టాల వెంటే ఎందరో ఉత్తరాంధ్రవాసులు రాయ్‌పూర్, భిలాయ్‌లకు బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చి స్థిరపడ్డారు. పట్టాలకు ఈ కొసన దిక్కులేని విమానం ఒకటి ఉండిపోతే, ఆ కొసన సముద్రం ఒడ్డున ఇంకొకటి టిక్కెట్టు పెట్టుకుని జనాన్ని రప్పించుకుంటోంది.

రెండూ నేల దిగినవే. రెండూ మళ్లీ ఎగరనివే. ఒకటి మ్యూజియం అయింది, ఇంకొకటి బాకీల దస్త్రం అయింది. ఈ తేడా ఎందుకొచ్చింది? విమానం గొప్పదనం వల్ల అనుకుంటే పొరపాటే. మన దేశంలో ఏ పాత విమానం చరిత్ర చూసినా తేలేది ఒకటే. యంత్రాన్ని బతికించింది దాని విలువ కాదు, దాని వెనక నిలబడిన యజమాని.

బీచ్ రోడ్డు ఎక్కిన రాక్షసి

విశాఖ బీచ్ రోడ్డులో నిలబెట్టిన టీయూ-142ను దూరం నుంచి చూస్తే ముందుగా కనిపించేవి ప్రొపెల్లర్లు. నాలుగు ఇంజిన్లు, ఒక్కో ఇంజిన్‌కు రెండేసి వరసల రెక్కలు. ఒక వరస కుడికి తిరిగితే రెండోది ఎడమకు తిరుగుతుంది. ఒక్కో ఇంజిన్ శక్తి దాదాపు 15 వేల అశ్వశక్తి. విమానం పొడవు 53 మీటర్లు, రెక్కల నిడివి 50 మీటర్లు. ప్రొపెల్లర్లతో నడిచే విమానమే అయినా వేగంలో జెట్ విమానాలకు దగ్గరగా వచ్చేది. మోతలోనూ అంతే.

సోవియట్ యూనియన్ నుంచి మన నౌకాదళం 1988లో ఎనిమిది టీయూ-142లను తెచ్చుకుంది. మొదట గోవాలో ఉంచి, 1992లో తమిళనాడులోని అరక్కోణానికి, ఐఎన్‌ఎస్ రాజాలికి తరలించారు. హిందూ మహాసముద్రం మీద గంటల తరబడి తిరుగుతూ జలాంతర్గాముల ఆచూకీ పట్టడం వీటి పని. సముద్రంలోకి జారవిడిచిన సోనోబాయ్‌లు నీటి అడుగున వచ్చే చప్పుడు విని, రేడియో ద్వారా పైనున్న విమానానికి చెప్పేవి. 29 ఏళ్ల పాటు ఒక్క ప్రమాదం లేకుండా 30 వేల గంటలు ఎగిరిన ఈ దళం 2017 మార్చి 29న సేవల నుంచి వైదొలగింది. బోయింగ్ పీ-8ఐ విమానాలు ఆ స్థానంలోకి వచ్చాయి.

ఆ వెంటనే, 2017 ఏప్రిల్‌లో, ఒక టీయూ-142 తన ఆఖరి ప్రయాణంగా విశాఖలోని ఐఎన్‌ఎస్ డేగాలో దిగింది. అక్కడ దాని రెక్కలు, తోక, ఇంజిన్లు విప్పారు. ముక్కలను పెద్ద ట్రెయిలర్ల మీద నగరం మధ్య నుంచి తెచ్చి, సముద్రం ఎదురుగా మళ్లీ బిగించారు. 2017 డిసెంబర్ 7న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ మ్యూజియంను ప్రారంభించారు. దళం నుంచి తప్పుకున్న తొమ్మిది నెలల్లోపే విమానం మ్యూజియంగా మారడం మన దేశంలో అరుదు.

రోడ్డుకు అవతలి వైపున్న ఐఎన్‌ఎస్ కుర్సురా అప్పటికే దారి చూపించింది. 1969 నుంచి 2001 దాకా పనిచేసిన ఆ జలాంతర్గామిని ఒడ్డుకు లాగి 2002లో మ్యూజియంగా తెరిచారు. జనం వరస కట్టారు. యుద్ధ యంత్రాన్ని చూడటానికి సామాన్యులు టిక్కెట్టు కొంటారని ఆ అనుభవం చెప్పింది. టీయూ-142 తర్వాత సీ హారియర్ వచ్చింది. ఓడ మీది నుంచి ఎగిరి, నిలువుగా దిగగలిగే ఈ బ్రిటిష్ జెట్ 1983 నుంచి 2016 దాకా నౌకాదళంలో ఉంది. ఐఎన్‌ఎస్ జలాశ్వ ఓడతో పాటు అమెరికా నుంచి వచ్చి, 2024 జూన్‌లో విరమించిన యూహెచ్-3హెచ్ హెలికాప్టర్ కూడా బీచ్ రోడ్డుకే చేరింది. ఒకే వీధిలో రష్యన్, బ్రిటిష్, అమెరికన్ యంత్రాలు. స్వతంత్ర భారత విదేశాంగ విధానం ఎటు మొగ్గి, ఎటు సర్దుకుని, ఎటు తిరిగిందో తెలుసుకోవడానికి పాఠ్యపుస్తకం అక్కర్లేదు, ఈ వీధిలో ఒక సాయంత్రం నడిస్తే చాలు.

ఇక్కడ అన్నీ కలిసొచ్చాయి. విమానం ఇవ్వడానికి నౌకాదళం సిద్ధంగా ఉంది. స్థలం, డబ్బు పెట్టడానికి రాష్ట్ర ప్రభుత్వం ఉత్సాహపడింది. నిర్వహణకు నగరాభివృద్ధి సంస్థ ఉంది. చూడటానికి పర్యాటకులున్నారు. అన్నిటికీ మించి, ఆ విమానం ఎవరిదన్న తగువు లేదు.

కాన్పూర్ తుక్కు నుంచి ప్రపంచ మ్యూజియంలకు

విశాఖవాసులకు యుద్ధ విమానంతో పరిచయం టీయూ-142తో మొదలు కాలేదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. నగరం ఖాళీ చేసి పల్లెలకు పరుగెత్తిన కుటుంబాల కథలు ఉత్తరాంధ్ర ఇళ్లలో రెండు తరాల పాటు వినిపించాయి. అప్పుడు పేలకుండా మిగిలిన బాంబు ఒకటి బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఉంది.

ఆ యుద్ధంలో ఎగిరిన యంత్రాలను చూడాలంటే ఢిల్లీ వెళ్లాలి. పాలం స్థావరంలోని వైమానిక దళ మ్యూజియం 1967లో ఏర్పడింది. 1933 ఏప్రిల్ 1న కరాచీలో నాలుగు వాపిటీ విమానాలతో భారత వైమానిక దళం తొలి స్క్వాడ్రన్ మొదలైంది. ఆ వాపిటీ రకం విమానం ఇక్కడ హ్యాంగర్‌లో ఉంది. పక్కనే లైసాండర్, హరికేన్, స్పిట్‌ఫైర్, టెంపెస్ట్. ఆత్మాహుతి పైలట్‌ను ఎక్కించి శత్రు ఓడ మీదికి వదలడానికి జపాన్ తయారుచేసిన ఓకా కూడా వాటి సరసనే కనిపిస్తుంది. బయట ఎండలో నాలుగు ఇంజిన్ల బీ-24 లిబరేటర్.

ఈ లిబరేటర్ కథ వింటే మ్యూజియంలు ఎలా పుడతాయో అర్థమవుతుంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక బ్రిటిష్ వైమానిక దళం పదుల కొద్దీ లిబరేటర్లను కాన్పూర్‌లో వదిలేసింది. అమెరికా నుంచి అరువు ఒప్పందం కింద వచ్చిన ఈ విమానాలు మళ్లీ ఎగరకూడదు. అందుకని వెళ్తూ వెళ్తూ వాటిని పాడుచేసి మరీ పోయారు. ఇంజిన్లలో ఇసుక పోశారు, పరికరాలు పగలగొట్టారు. 1948లో బాంబర్ల కోసం వెతుక్కుంటున్న స్వతంత్ర భారత్‌కు ఆ తుక్కు గుట్ట తప్ప వేరే దారి కనిపించలేదు. బెంగళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ ఇంజినీర్లు కాన్పూర్ వెళ్లి, ఒకదాని భాగాలు మరొకదానికి తగిలించి, బెంగళూరు దాకా ఎగరడానికి సరిపడేలా తయారుచేశారు. వాటిని ఎగరేసుకుపోయిన పైలట్ జిమ్మీ మున్షీ. అక్కడ పూర్తి మరమ్మతు అయ్యాక సుమారు 40 లిబరేటర్లు వైమానిక దళంలో చేరాయి. 1968 దాకా ఎగిరాయి. అప్పటికి ప్రపంచంలో మరే సైన్యమూ వాటిని వాడటం లేదు.

అమెరికా 18 వేలకు పైగా తయారుచేసిన విమానం అది. యుద్ధం అవ్వగానే అక్కడ కరిగించి పాత్రలు, రేకులు చేసుకున్నారు. తీరా మ్యూజియంలో పెట్టుకుందామంటే మిగల్లేదు. చివరికి మన దగ్గరికే వచ్చారు. కెనడాకు 1968లో, అమెరికాలో ఆరిజోనాలోని పీమా మ్యూజియంకు 1969లో, బ్రిటన్‌కు 1974లో భారత వైమానిక దళం లిబరేటర్లు ఎగిరి వెళ్లాయి. అమెరికాలో ఏళ్ల తరబడి ప్రదర్శన కోసం గాల్లోకి లేచిన కాలింగ్స్ ఫౌండేషన్ లిబరేటర్ కూడా ఒకప్పుడు మనదే. ధ్వంసం చేసి పారేసినవారి మనవలు మళ్లీ వెతుక్కుంటూ రావడానికి పాతికేళ్లు కూడా పట్టలేదు. పేదరికం వల్ల మనం పారేయలేకపోయాం, అదే ప్రపంచానికి వారసత్వం అయింది.

హైదరాబాద్ నంబర్ 12ఏ

తెలుగు పాఠకుడు తప్పక చూడవలసిన యుద్ధ విమానం ఒకటి మాత్రం పాలంలోనూ లేదు, విశాఖలోనూ లేదు. లండన్ శివార్లలోని హెండన్‌లో, బ్రిటిష్ వైమానిక దళ మ్యూజియంలో ఉంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ బ్రిటన్‌కు ఏకంగా ఒక స్క్వాడ్రన్‌కు సరిపడా బాంబర్లు కొనిచ్చారు. డీహెచ్-9ఏ రకానికి చెందిన ఈ విమానాలతో నడిచిన 110వ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ పేరే పెట్టారు. నిజాం కానుక అన్న మాటలు, హైదరాబాద్ అన్న పేరు, ఒక వరస సంఖ్య ప్రతి విమానం మీదా రాశారు. అలా ఎఫ్1010 అన్న విమానం ‘హైదరాబాద్ నంబర్ 12ఏ’ అయింది. 1918 సెప్టెంబర్ ఆరంభంలో ఫ్రాన్స్ చేరింది. అక్టోబర్ 5న జర్మనీ మీద దాడికి వెళ్లి శత్రు భూభాగంలో దిగాల్సి వచ్చింది. ఇద్దరు సిబ్బందీ ఖైదీలయ్యారు. విమానం జర్మన్ల చేతికి చిక్కింది.

చిక్కింది కాబట్టే మిగిలింది. జర్మన్లు దాన్ని విజయచిహ్నంగా దాచి, బెర్లిన్ విమాన మ్యూజియంలో పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో బెర్లిన్ మీద బాంబులు పడుతుంటే మ్యూజియం సరుకును తూర్పు వైపు తరలించారు. యుద్ధం ముగిసేసరికి అది పోలెండ్‌లో తేలింది, తర్వాత క్రాకోవ్ మ్యూజియంకు చేరింది. 1977లో బ్రిటన్ ఒక స్పిట్‌ఫైర్‌ను పోలెండ్‌కు ఇచ్చి, బదులుగా దీన్ని తెచ్చుకుంది. మరమ్మతులన్నీ అయ్యాక 1983లో ప్రదర్శనకు పెట్టింది.

ఒక విమానం కోసం ఇంకో విమానం ఇచ్చి తెచ్చుకున్నారంటే ఆ దేశం దానికి కట్టిన వెల అర్థమవుతుంది. హైదరాబాద్ ఖజానా డబ్బు అక్కడితో ఆగలేదు. రెండో ప్రపంచ యుద్ధంలోనూ నిజాం విరాళాలిచ్చారు. 1940లో బ్రిటన్ ఆకాశంలో జరిగిన పోరులో 152వ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్లు, 253వ స్క్వాడ్రన్ హరికేన్లు హైదరాబాద్ పేరుతోనే ఎగిరాయి. 152వ స్క్వాడ్రన్ చిహ్నం మీద నిజాం తలపాగా ఉంటుంది.

తెలంగాణ పల్లెల్లో శిస్తు కట్టిన రైతుకు తన డబ్బు జర్మనీ మీద బాంబుగా పడిందని తెలిసే అవకాశం లేదు. అత్త సొమ్ము అల్లుడి దానం అంటే ఇదే. మ్యూజియంలో విమానం పక్కన పెట్టే పలక మీద రాజు ఔదార్యం మాత్రమే రాయాలా, రైతు శిస్తు గురించి కూడా రాయాలా? ఇలాంటి ప్రశ్నలు పెద్ద దేశాలను కూడా వణికించాయి. హిరోషిమా మీద అణుబాంబు వేసిన ఎనోలా గే విమానాన్ని 1995లో వాషింగ్టన్‌లో ప్రదర్శించబోతే, పలకల మీద ఏం రాయాలన్న దాని మీద మాజీ సైనికులకూ చరిత్రకారులకూ పడలేదు. అనుకున్న ప్రదర్శన రద్దయింది, మ్యూజియం డైరెక్టర్ రాజీనామా చేశారు. యంత్రాన్ని నిలబెట్టడం సులువు, దాని గురించి నిజం చెప్పడం కష్టం.

సామాన్యుణ్ని మోసిన విమానానికి చోటేదీ?

యుద్ధ విమానానికి కనీసం ఒక దళం, ఒక జెండా, ఒక రెజిమెంటు జ్ఞాపకం ఉంటాయి. పౌర విమానానికి అవి కూడా ఉండవు. ఉండేది యజమాని కంపెనీ, ఒక బ్యాలెన్స్ షీటు.

బేగంపేట సంగతే చూడండి. నిజాం రైల్వే, టాటాలు కలిసి నడిపిన డెక్కన్ ఎయిర్‌వేస్ 1940ల్లో ఇక్కణ్నుంచి డకోటా విమానాలు ఎగరేసింది. యుద్ధంలో సైనికులను మోసిన డీసీ-3లే శాంతి వచ్చాక సీట్లు బిగించుకుని ప్రయాణికులను మోశాయి. దేశంలో తొలి మహిళా కమర్షియల్ పైలట్‌గా పేరొందిన ప్రేమ్ మాథుర్‌కు, మిగతా కంపెనీలు వెనకాడినప్పుడు, ఉద్యోగం ఇచ్చింది డెక్కన్ ఎయిర్‌వేసే. 1953లో జాతీయం చేసినప్పుడు అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. శంషాబాద్ విమానాశ్రయం తెరుచుకోవడంతో 2008 మార్చిలో బేగంపేట నుంచి ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. రైల్వేయే విమానాలు నడిపిన ఈ చరిత్ర ఎంతమంది హైదరాబాదీలకు తెలుసు?

పాత పౌర విమానం మన రోడ్ల మీదికి వచ్చినప్పుడల్లా వార్త అవుతోంది, చరిత్ర కావడం లేదు. 2016 ఏప్రిల్ 10న సర్వీసు ముగిసిన ఎయిరిండియా ఏ-320ని శిక్షణ అవసరాల కోసం బేగంపేట నుంచి తరలిస్తుంటే క్రేన్ ఒరిగిపోయి విమానం ప్రహరీ గోడ మీద కూలింది. ఎవరికీ ఏమీ కాలేదు. 2022 నవంబర్‌లో కొచ్చిలో వేలం పాడిన మరో ఏ-320ని ట్రెయిలర్ మీద హైదరాబాద్ తెస్తుంటే బాపట్ల జిల్లా కొరిశపాడు దగ్గర అండర్‌పాస్‌లో ఇరుక్కుంది. ఊరంతా సెల్‌ఫోన్లు పట్టుకుని చుట్టూ చేరింది. దాన్ని కొన్నది మ్యూజియం కాదు, హైదరాబాద్‌కు చెందిన ఒక హోటల్. రెస్టారెంట్‌గా మార్చడానికి 75 లక్షలకు కొన్నారు. ఏనుగు బతికినా వెయ్యే చచ్చినా వెయ్యే అన్న సామెత విమానానికీ వర్తిస్తుంది. కాకపోతే ఆ వెయ్యి కట్టేది పాత ఇనుము వ్యాపారో, బిర్యానీ వ్యాపారో.

మినహాయింపులు లేకపోలేదు. వాటి వెనకా ఎవరో ఒకరి పంతమే కనిపిస్తుంది. 1947లో ఇండోనేషియా నేతలను డచ్చివారి కళ్లుగప్పి డకోటాలో తీసుకొచ్చిన బిజూ పట్నాయక్ అప్పట్లో కళింగ ఎయిర్‌లైన్స్ నడిపారు. ఆ కంపెనీకి చెందిన డకోటా ఒకటి కోల్‌కతా విమానాశ్రయంలో దశాబ్దాల తరబడి మూలపడి ఉండేది. ఒడిశా ప్రభుత్వం దాన్ని ముక్కలుగా విప్పించి, లారీల మీద 2023 జనవరిలో భువనేశ్వర్ తెప్పించి, విమానాశ్రయంలో ప్రదర్శనకు నిలబెట్టింది. కొడుకు ముఖ్యమంత్రి కాకపోయి ఉంటే ఆ డకోటా ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు. అలాగే తన తండ్రి, వైమానిక దళ పైలట్ గౌరవార్థం రాజీవ్ చంద్రశేఖర్ ఒక డకోటాను కొని, బ్రిటన్‌లో మరమ్మతు చేయించి, 2018లో వైమానిక దళానికి కానుకగా ఇచ్చారు. పరశురామ అన్న పేరుతో, వీపీ 905 అన్న సంఖ్యతో అది బ్రిటన్ నుంచి సొంత రెక్కల మీదే ఎగిరి వచ్చింది. 1947 అక్టోబర్ 27న శ్రీనగర్‌లో భారత సైనికులను దించిన డకోటా సంఖ్య అదే.

ఒక చోట కొడుకు అధికారం, ఇంకో చోట కొడుకు సంపద. తండ్రి పైలట్ కాని విమానాల సంగతేమిటి?

చట్టానికి వందేళ్లు, ఉప్పుగాలికి పదేళ్లు

చట్టం దగ్గరికి వెళ్తే సమాధానం దొరకదు. 1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టం ప్రకారం సాధారణంగా వందేళ్లు నిండిన వస్తువే పురావస్తువు. రాతప్రతులకైతే డెబ్బై అయిదేళ్లు. ఈ లెక్కన చూడండి. డీసీ-3 మొదటిసారి ఎగిరింది 1935 డిసెంబర్ 17న. 1940ల్లో తయారైన డకోటాకు చట్టరక్షణ దొరికేది 2040ల్లో. విశాఖ టీయూ-142 వంతు 2080ల్లో. రాయ్‌పూర్‌లో ఆగిపోయిన ఎండీ-83 శ్రేణి 1980, 90 దశకాల్లో తయారైంది కాబట్టి దాని వంతూ ఇంచుమించు అప్పుడే. ఈలోపు దాన్ని కరిగించినా, కోసినా, అమ్మినా వారసత్వ చట్టం పేరుతో అడిగేవారుండరు.

వందేళ్ల నియమం రాతి విగ్రహాలను, తాళపత్రాలను దృష్టిలో పెట్టుకుని రాసింది. రాయి వేచి ఉంటుంది. అల్యూమినియం వేచి ఉండదు. విమానం చర్మం స్వచ్ఛమైన అల్యూమినియం కాదు, గట్టిదనం కోసం రాగి లాంటివి కలిపిన మిశ్రమ లోహం. దానికి ఉక్కు బోల్టులు తగులుతాయి. రెండు వేర్వేరు లోహాల మధ్య ఉప్పు కలిసిన తేమ చేరితే అది చిన్న బ్యాటరీలా పనిచేసి మెత్తని లోహాన్ని లోపల్నుంచి తినేస్తుంది. పైన రంగు నిగనిగలాడుతుండగానే రివెట్ల చుట్టూ తెల్లని పొడి రాలుతుంది. పిట్టలు గూళ్లు కడితే వాటి రెట్ట, గడ్డి తేమను పట్టి ఉంచుతాయి. ఎండకు కాక్‌పిట్ అద్దాలు మసకబారి చిట్లుతాయి, టైర్లు బీటలు వారతాయి. సముద్రం ఎదురుగా నిలబెట్టిన విమానానికి ఇది రోజువారీ యుద్ధం. ఎనోలా గే అంతటిది కూడా 1950ల్లో కొన్నేళ్లు ఆరుబయట వదిలేస్తే పాడైంది. దాన్ని మళ్లీ బాగుచేయడానికి దాదాపు 3 లక్షల పని గంటలు పట్టింది.

దీనికి మందు తెలియనిది కాదు. అన్నిటికంటే ముందు పైకప్పు. అది కుదరకపోతే క్రమం తప్పని కడుగుడు, నీళ్లు నిలవకుండా అడుగున రంధ్రాలు, టైర్ల మీద బరువు పడకుండా స్టాండ్లు, పిట్టలు దూరకుండా మూతలు. ప్రారంభోత్సవానికి కోట్లు మంజూరు చేయడం మన ప్రభుత్వాలకు వచ్చు. పదో సంవత్సరం రంగు వేయడానికి లక్షలు మంజూరు చేయడమే రాదు. టీయూ-142ను విశాఖ తర్వాత కోల్‌కతా, కార్వార్ కూడా తెచ్చి పెట్టుకున్నాయి. 2023లో చండీగఢ్‌లో వైమానిక దళ వారసత్వ కేంద్రం తెరుచుకుంది. ఊరూరా విమానం నిలబెట్టాలన్న ఉత్సాహం పెరుగుతున్నకొద్దీ ఊరూరా విమానం శిథిలమయ్యే ప్రమాదమూ పెరుగుతుంది.

లోహంతో పాటు కాగితమూ ముఖ్యమే. ప్రతి విమానానికీ ఎప్పుడు ఎగిరింది, ఏం చెడింది, ఎవరు బాగుచేశారు అన్న చిట్టా ఉంటుంది. వైమానిక దళంలో దాన్ని ఫారం 700 అంటారు. పైలట్లకు లాగ్‌బుక్‌లుంటాయి. ఇంజిన్ చప్పుడు విని జబ్బు చెప్పగలిగిన మెకానిక్కులుంటారు. టీయూ-142 దళంలో యువకులుగా చేరినవారు ఇప్పుడు అరవయ్యో పడిలో ఉన్నారు. డెక్కన్ ఎయిర్‌వేస్ ఉద్యోగుల తరం దాదాపు వెళ్లిపోయింది. వారి మాటలు రికార్డు చేయడానికి హ్యాంగర్ అక్కర్లేదు, ఒక టేప్‌రికార్డర్ చాలు. హెండన్‌లో ఎఫ్1010 పక్కన నిలబడినవారికి అది ఏ రోజు ఎక్కడ దిగిందో, ఎన్ని దేశాలు తిరిగిందో తెలుస్తుందంటే, ఒక శతాబ్దం పాటు ఎవరో కాగితాలు దాచారు కాబట్టే.

ఒక జాబితాతో మొదలుపెట్టవచ్చు. దేశంలో పాతికేళ్లు దాటి, ఎగరడం మానేసిన ప్రతి రకం విమానంలోనూ కనీసం ఒకదాన్ని తుక్కు వేలానికి ముందే పక్కకు తీసిపెట్టాలని పౌర విమానయాన శాఖ ఒక ఉత్తర్వు ఇవ్వవచ్చు. యజమాని చేతులెత్తేసిన విమానాలను పార్కింగ్ బాకీ కింద జమకట్టుకుని, వాటిలో దాచదగినవేవో నిపుణులతో తేల్చుకునే గడువు పెట్టవచ్చు. హైదరాబాద్‌లో బేగంపేట లాంటి చోటు, విమానయాన ప్రదర్శనల కోసం జనం అలవాటుపడిన చోటు, ఎదురుగానే ఉంది. విశాఖలో మ్యూజియం నడిపిన అనుభవం ఉంది. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఇది కొత్త విద్య కాదు. కొరవడింది పౌర విమానం కూడా చరిత్రే అన్న గుర్తింపు.

ఎండీ-83కి మ్యూజియంలో చోటివ్వాలా అని ఎవరైనా అడగవచ్చు. ఇవ్వక్కర్లేదేమో. అది యుద్ధం గెలవలేదు, రికార్డు సృష్టించలేదు. కానీ గల్ఫ్‌కు బయల్దేరిన 173 మందిని ఒక్క ఇంజిన్‌తో క్షేమంగా దించింది. రాయ్‌పూర్ నుంచి కరీంనగర్ దాకా, ఢాకా నుంచి నెల్లూరు దాకా లక్షల కుటుంబాల బతుకు మార్చింది బాంబర్లు కాదు, ఇలాంటి పేరులేని ప్రయాణికుల విమానాలే. వాటిలో ఏది దాచాలి, ఏది కరిగించాలి అన్నది కనీసం ఒకరు కూర్చుని ఆలోచించి తేల్చాలి. ఇప్పటిదాకా ఆ నిర్ణయాన్ని వేలంపాటకు, వానకు వదిలేశాం.

వందేళ్లు నిండాక రమ్మంటుంది చట్టం. రేకు అన్నేళ్లు ఆగదు.